బాబాయ్ అంటే ఒక గ్లాసు కాఫీ

పలకలు తయారయ్యే మార్కాపురంలో ఒక పలక పగిలితే అది వార్త కాదు. కానీ మూడు తరాలుగా చెక్కుచెదరని బట్టల దుకాణాన్ని, వేలితో ముట్టుకోకుండా, ఒకే ఒక్క బోర్డు రాయించి వారం రోజుల్లో పగలగొట్టిన మొనగాడు ఈ ఊళ్లో ఒకడున్నాడు. వాణ్ణి మీకు పరిచయం చేస్తాను. దగ్గరికొచ్చి చూడండి, కరవడు. వాడు నేనే. అంటే, ఆరేళ్ల కిందటి నేను. ఇప్పటి నాకూ వాడికీ మాటల్లేవు.

అప్పుడు వాడికి నలభై ఎనిమిదేళ్లు. బుద్ధి రావలసిన వయసు దాటిపోయి, రాకపోయినా ఎవరూ అడగని వయసులో పడ్డాడు. పేరు మల్లికార్జునరావు. ఆ పేరు ఓటరు కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడింది లేదు. నాయన బతికున్నన్నాళ్లూ "ఒరే మల్లిగా" అన్నాడు. నా భార్య పద్మ "ఏమయ్యా" అంది. నాయన పోయాడు. ఈ కథ జరిగేనాటికి పద్మ పోయి రెండేళ్లు. పిల్లలు లేరు. ఇంటికెళితే నన్ను పిలిచేది ప్రెషర్ కుక్కరొక్కటే, అదీ నేను పొయ్యి మీద పెడితేనే. లోను కావాలా సార్ అని ఫోన్ చేసే అమ్మాయితో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడిన రోజులున్నాయి. నవ్వండి, నవ్వడానికే చెబుతున్నాను. చివరికి ఆ అమ్మాయే విసుగొచ్చి ఫోన్ పెట్టేసింది. లోన్ల వాళ్లకే విసుగు తెప్పించానంటే నేనెంత తీరిగ్గా ఉన్నానో మీరే ఊహించుకోండి.

అందుకని నేను ఇంట్లో పడుకునేవాణ్ణి, దుకాణంలో బతికేవాణ్ణి. పెద్ద దుకాణమేం కాదు. మూడు వైపులా బీరువాలు, నేల మీద తెల్లగుడ్డ పరిచిన పరుపు, బేరానికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పి పరుపెక్కి కూర్చుంటే ముందు చీరలు గుట్టలు పోస్తాం. పనిలో నలుగురు పిల్లలు. వరండాలో కుట్టు మిషన్ మీద ఖాసిం మామ. నాయన కాలం నుంచీ ఆ మిషన్ అక్కడే ఉంది, ఆయన కూడా అక్కడే ఉన్నాడు.

మా దుకాణంలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు పని నేర్పం, వరసలు నేర్పుతాం. ఆ శాఖకు మంత్రి ఖాసిం మామ. ఎస్తేరు చేరిన రోజు కూడా అట్లే జరిగింది. బేస్తవారిపేట దగ్గర చిన్న ఊరు ఆ పిల్లది. అమ్మానాన్నలు కూలి పనికి పోతారు. ఇంటర్ చదివి, బస్సు పాసు చేయించుకుని, భయం భయంగా వచ్చి నిలబడింది.

ఖాసిం మామ మిషన్ ఆపి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఇదో అమ్మాయ్, నేను నీకు మామని. ఆ శీను నీకు అన్న. గల్లాపెట్టె కాడ కూర్చోనుండాడే, ఆయన నీకు బాబాయ్. గుర్తుంటాదా?" అన్నాడు.

ఎస్తేరు నా వైపు తిరిగి చేతులు కట్టుకుని "సార్" అంది.

"సార్ లేదు, గీర్ లేదు. మామ చెప్పినాడు గదా, బాబాయ్ అను" అన్నాను నేను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత దీంతోనే నా వీపు విమానం మోత మోగుతుంది.

ఇంకో ముక్క. ఖాసిం నాకూ మామే, నన్ను బాబాయ్ అనే పిల్లలకూ మామే. లెక్క ఎట్ల కుదురుతుంది మామా అని అడిగితే, "చుట్టరికానికి లెక్కలేంది అల్లుడూ, లెక్కలు గుడ్డకు" అనేవాడు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టను తావు లేదన్న సామెత ఎవడు చెప్పాడో గానీ, నాకు మాత్రం ఉట్టి కట్టుకోవడానికి ఆ దుకాణం తప్ప తావు లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు షట్టరు సగం దించి అందరం పరుపు మీద గుండ్రంగా కూర్చుని క్యారియర్లు విప్పేవాళ్లం. నాది హోటలు పార్సెలు. ఎస్తేరు దాని వాసన చూసి, "బాబాయ్, ఈ సాంబారులో నువ్వన్నా దూకాల, పప్పన్నా దూకాల. ఎవురూ లేరు దీంట్లో" అని, వాళ్లమ్మ కట్టిన జొన్నరొట్టె, చింతచిగురు పప్పు నా ఆకులో సగం పెట్టేది. నా ఇరవై నాలుగు గంటల్లో అదొక్క అరగంటే నేను మనిషిని.

అట్లాంటి అరగంటకు గండం వచ్చింది. ఒంగోల్లో నాలుగంతస్తుల బట్టల షాపు ఒకటి తెరిచారు. నెల తిరగకుండా మా నలుగురు పిల్లల్లో ఇద్దరు అక్కడికి పోయారు. శీనూ, ఎస్తేరూ మిగిలారు. గుండ్రంగా కూర్చునే చోట రెండు ఖాళీలు పడ్డాయి. ఒకరోజు ఎస్తేరు ఫోన్లో ఎవరితోనో "ఒంగోలా? ఎంతమంది తీసుకుంటన్నారు?" అనడం నా చెవిన పడింది. అంతే. నా అన్నం ఆకులోనే ఉండిపోయింది.

సరిగ్గా ఆ వారంలో పద్మ అన్న కొడుకు కార్తీక్ గిద్దలూరులో ఏదో పెళ్లికి వచ్చి, నన్ను చూడ్డానికి దుకాణానికి వచ్చాడు. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు. నేను నా బాధ చెప్పుకున్నాను.

వాడు మా దుకాణాన్ని పైనుంచి కింది దాకా చూసి, "మావయ్యా, ఇప్పటి పిల్లలు జీతం కోసం పనిచేయరు. వాతావరణం కోసం పనిచేస్తారు" అన్నాడు.

"వాతావరణం బాగానే ఉంది గదరా, రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి."

"అది కాదు మావయ్యా. మా ఆఫీసులో బీన్ బ్యాగులుంటాయి. కాఫీ మిషన్ ఉంటుంది. అందరికీ పేరు రాసిన బ్యాడ్జీ. ముఖ్యంగా, అన్నా, సార్, ఇట్లాంటివేమీ ఉండవు. మా పైవాణ్ణి కూడా పేరు పెట్టే పిలుస్తాం. ఇక్కడేమో ఎవరినోట విన్నా మామా, బాబాయ్, అక్కా! ఇది ఆఫీసా, పెళ్లిల్లా? ఈ కాలం పిల్లలకు ఊపిరాడదు మావయ్యా."

నన్ను మూడుసార్లు మావయ్యా అంటూనే మావయ్యా అనకూడదని చెప్పిన ఆ జ్ఞానిని నేను ఒక్క ప్రశ్న అడిగాను. "మరి అక్కడ నిన్ను తిన్నావా అని ఎవరన్నా అడుగుతారట్రా?"

"అడుగుతారు మావయ్యా, చాట్‌లో" అన్నాడు.

అక్కడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు. మా కథలో పులి ఒంగోల్లో ఉంది, నక్క మార్కాపురంలో ఉంది, వాతలు పెట్టే ఇనప కడ్డీ బెంగుళూరు నుంచి వచ్చింది.

పది రోజుల్లో సరంజామా దిగింది. ఎర్ర రంగు బీన్ బ్యాగు ఒకటి. మీట నొక్కితే కాఫీ ధార కట్టే యంత్రం ఒకటి. ఆ కాఫీ రుచి ఎట్లా చెప్పను? పలకల మిల్లులో నేల ఊడ్చి, ఆ రజను వేడినీళ్లలో కలిపి, చక్కెర వేయడం మరిచిపోతే అట్లా ఉంటుంది. నాలుగు బ్యాడ్జీలు కూడా వచ్చాయి. నాది అన్నిటికంటే పెద్దది: "నా పేరు మల్లి. నన్ను పేరు పెట్టి పిలవండి."

ఇక బోర్డు. ఊళ్లో మంచి ఆర్టిస్టు చేత రాయించి, గల్లాపెట్టె మీద దేవుడి పటం పక్కనే మేకు కొట్టి తగిలించాను. "ఈ దుకాణంలో అందరూ సమానం. బాబాయ్, మామ, అన్న, అక్క, పెద్దమ్మ మొదలైన పిలుపులు నిషేధం. పేర్లతోనే పిలవాలి. తప్పినవారు మిషన్ కాఫీ ఒక గ్లాసు తాగవలెను." శిక్ష ఆలోచన మాత్రం నా సొంతం. కార్తీక్ మీద నింద వేయను.

బోర్డు చదివి శీను తల గోక్కున్నాడు. ఎస్తేరు రెండుసార్లు చదివింది. నేను దాన్ని సంతోషం అనుకున్నాను.

ఖాసిం మామ మాత్రం మిషన్ ఆపాడు. "అల్లుడూ, ఇదేంది?"

"మామా, కొత్త పద్ధతి..."

"రెండు గ్లాసులు" అన్నాడు శీను వెంటనే. "బోర్డు మీద రాసినారు గదా. ఆయనకొకటి, మీకొకటి."

మొదటిరోజు పొద్దు వాలేసరికి ఎస్తేరు ఖాతాలో మూడు, శీను ఖాతాలో అయిదు, నా ఖాతాలో ఏడు గ్లాసులు పడ్డాయి. ఖాసిం మామ పదకొండు. అరవై ఏళ్ల నోటికి ఒక్కరోజులో బ్రేకు వేయమంటే ఎట్లా పడుతుంది? సాయంత్రానికి ఒక జాకెట్టుకు రెండు చేతులూ చివర మూసేసి కుట్టాడు. ఆ జాకెట్టు తాలూకు టీచరమ్మ వచ్చి, "ఇదేంది ఖాసిం అన్నా, ఇది తొడుక్కుని నేను సుద్దముక్క ఎట్ల పట్టుకునేది?" అని అడిగింది. ఆయన బోర్డు వైపు చూపించాడు.

నన్ను పేరు పెట్టి పిలవడం దగ్గరైతే అసలు బండి కదల్లేదు. శీను "మల్... మల్..." అని రెండుసార్లు పెదవులు కలిపి విడిచి, దాహమేసినవాడిలా కుండ దగ్గరికి పోయాడు. రెండో రోజు ధైర్యం చేసి, గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని "మల్లికార్జునరావ్!" అని ఒక్క అరుపు అరిచాడు. నేను లేచి నిలబడ్డాను. నా పూర్తి పేరు అట్లా గట్టిగా పిలవగా విన్నది అంతకుముందు ఒక్కసారే. ఆస్పత్రి వరండాలో నర్సు, పద్మ తాలూకు మనుషులెవరు అని వెతుకుతూ పిలిచింది. నవ్వుల కథలో ఇదెందుకంటారా? నాకూ తెలీదు. గుర్తొచ్చింది, చెప్పాను.

ఆ తర్వాత పిల్లలు సులువు కనిపెట్టారు. నన్ను పిలవడమే మానేశారు. నాతో పనుంటే శీను దగ్గేవాడు. ఎస్తేరు బల్ల మీద కత్తెర రెండుసార్లు తట్టేది. ఖాసిం మామ మిషన్ చక్రం ఒకసారి ఖాళీగా తిప్పేవాడు. "బాబాయ్" పోగానే దాని వెనకే "నువ్వు" కూడా పోయింది. "మీరు" వచ్చింది. "సాంబారు మీరు తినండి" అని ఎస్తేరు తన క్యారియర్ తను తిన్నది. నా ఆకులో రొట్టె పడలేదు. సమానత్వం అంటే ఇదే కాబోలు, ఎవరి కూడు వారిది, అని సర్దిచెప్పుకుని పప్పు లేని ఆ సాంబారు నేనే తిన్నాను. కొత్త చెప్పులు నాలుగు రోజులు కరుస్తాయి గదా, తర్వాత అవే సర్దుకుంటాయి అనుకున్నాను. కరుస్తున్నది చెప్పు కాదనీ, నేను వాళ్లని కరుస్తున్నాననీ తెలుసుకునే బుద్ధి అప్పుడు లేదు.

అయిదో రోజు హనుమంతునిపాడు నుంచి ఓబులమ్మక్క వచ్చింది. లగేజీ ఆటోలో పదకొండు మంది. మనవడి పెళ్లి బట్టలకు. ముగ్గురు కూతుళ్ల పెళ్లి బట్టలూ మా దగ్గరే తీసింది మహాతల్లి. వస్తూనే బీన్ బ్యాగు చూసి, "దూది మూటలు కూడా అమ్ముతన్నారా?" అంటూ దాని మీద కూలబడింది. కూలబడి లోపలికి పోయింది. పోయి, పోయి, కాళ్లూ తలా మాత్రమే బయట మిగిలాయి. ముగ్గురం పట్టి లాగితే గానీ ఊడిరాలేదు.

ఆమె పైట సర్దుకునేలోపు ఎస్తేరు నా ముఖం చూసింది. నేను బోర్డు వైపు కళ్లతో సైగ చేశాను. పాపం ఆ పిల్ల అప్పజెప్పేసింది. "రండి ఓబులమ్మ గారూ. నా పేరు ఎస్తేరు. మీకేం కావాలో చెప్పండి."

ఓబులమ్మక్క నోరు తెరిచింది. "ఏందే? నీ పేరు ఎస్తేరని నాకు తెలవదా? నిరుడు నా కాలు ఇరిగితే ఆదివారం పూట బస్సెక్కి వచ్చి చూసిపోతివి గదా! పెద్దమ్మా పెద్దమ్మా అని నా మంచం కాడే కూర్చుంటివి గదా! ఈ గారు ఏంది, గీరు ఏంది?"

ఎస్తేరు తల వంచుకుంది. ఓబులమ్మక్క నా వైపు తిరిగింది. "ఏం తమ్ముడూ, నా మీద ఏమన్నా కోపంగా ఉండావా?"

"అక్కా, కోపమేంది, కూర్చో అక్కా" అనాలి. అంతే. అది చాలు. నాలుగు ముక్కల్లో పదకొండు మందీ పరుపెక్కి కూర్చునేవాళ్లు. కానీ పక్కన శీను గ్లాసు పట్టుకుని కాఫీ యంత్రం దగ్గర సిద్ధంగా ఉన్నాడు. దుకాణం యజమాని నియమం తప్పితే ఇంకేం మర్యాద? వెన్ను నిటారు చేసి, "కోపం కాదు ఓబులమ్మ గారూ, ఇది కొత్త పద్ధతి" అన్నాను.

ఆమె అరిస్తే బాగుండేది. అరవలేదు. "మాలో పిలుపు మానినారంటే పొత్తు మానినట్టే. మా ఆడబిడ్డ నన్ను వదినా అనేది మాని పద్నాలుగేళ్లాయె. ఈ పొద్దుటికీ మా గడప తొక్కలా. నా వల్ల ఏం తప్పు జరిగిందో గానీ, సల్లగా ఉండు నాయనా" అని చెప్పులేసుకుంది. ఆమె వెనక పదిమందీ ఒక్కొక్కరే దిగిపోయారు. లగేజీ ఆటో మా ఎదుటి వరసలో ఇంకో బట్టల దుకాణం ముందు ఆగడం గల్లాపెట్టె దగ్గర కూర్చునే చూశాను.

ఆ సాయంత్రం ఎస్తేరు బ్యాడ్జీ విప్పి బల్ల మీద పెట్టింది. కత్తెర తట్టలేదు. నేను తలెత్తేదాకా నిలబడింది. "రేపు రాను. పని ఉండాది" అంది.

"ఏం పని..." అమ్మా అనబోయి, గుటక వేసి, "ఏం పని ఎస్తేరూ?" అన్నాను.

"ఉండాది" అని వెళ్లిపోయింది.

ఒక రోజు రాలేదు. రెండు, మూడు. ఒంగోలు పోయిందని తేల్చుకున్నాను. అప్పుడు నాకు తట్టిన ఉపాయమేంటో తెలిస్తే మీరు లేచి నా రెండు చెంపలూ వాయిస్తారు. ఇంకో బీన్ బ్యాగు తెప్పిద్దామనుకున్నాను, ఈసారి నీలం రంగుది. మధ్యాహ్నం షట్టరు సగం దించితే పరుపు మీద మిగిలింది ముగ్గురం. దాన్ని గుండ్రం అనరు, అటొకరు ఇటొకరు అంటారు. నిజం చెబుతున్నాను, దుఃఖం వచ్చింది. గొంతులో మెతుకు అడ్డం పడినట్టు దగ్గాను.

"పని ఉందా?" అన్నాడు శీను. దగ్గితే పని అని గదా అర్థం మాలో.

ఖాసిం మామ ఇక ఆగలేకపోయాడు. కాఫీ యంత్రం దగ్గరికి తనే నడిచి, గ్లాసు నింపుకుని, ముక్కు మూసుకుని గటగటా తాగేసి వచ్చి నా ముందు కూర్చున్నాడు. "శిక్ష ముందే తీర్చినా. ఇప్పుడు విను అల్లుడూ. ఆ పిల్ల ఒంగోలూ పోలా, ఏడికీ పోలా. వాళ్లింట్లోనే ఉండాది."

"నీకెట్ల తెలుసు?"

"ఫోన్ చేసినా. మామా అని పలికింది."

ఆ ఒక్క మాటకు నాకెంత అసూయ పుట్టిందో చెప్పలేను. మర్నాడు పొద్దున్నే బేస్తవారిపేట బస్సెక్కాను. దిగి, షేర్ ఆటో పట్టుకుని, చర్చి పక్క సందులో అడిగి అడిగి ఇల్లు చేరాను. పిలవని పేరంటానికి పోకూడదంటారు. నేనైతే పిలవొద్దని బోర్డు రాసి మరీ పోయాను.

ఎస్తేరు అమ్మ మరియమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. ప్రతి క్రిస్మస్‌కూ బట్టలకొచ్చి, "ఏం మరిదీ, ఈ రేటేంది, నీ వదినకు గూడ ఇదేనా?" అని నాతో గంటసేపు బేరమాడే మనిషి. నన్ను చూసి చేతులు దులుపుకుంది. లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. "కూర్చోండి షావుకారుగారూ" అంది.

మీలో ఎవరి నెత్తినన్నా చలికాలం పొద్దున చన్నీళ్లు గుమ్మరించారా? నేను కూర్చోలేదు. "ఎస్తేరు..." అన్నాను.

"లోపలుండాది. ఒక మాట అడగతా, ఏమనుకోమాకండి" అంది మరియమ్మ. గొంతు పెంచలేదు. "ఆ పొద్దు బాబాయ్ అనమన్నది మీరే గదా? మేమేం అడగలా. అది ఇంటికొచ్చి చెప్తే మా వాడంతా తిరిగి చెప్పుకున్నా, మార్కాపురంలో పెద్ద దుకాణంలో మా పిల్లకు బాబాయ్ ఉండాడని. ఇప్పుడు బోర్డు రాసి మేకు కొట్టి మరీ అనొద్దన్నారంట. దాని నోట్లోంచి వస్తే ఆ పిలుపు మైలపడతాదా?"

దేవుడి మీద ఒట్టు, ఆ అర్థం ఒకటుంటుందని నాకు తోచనే లేదు. తోచకపోవడం నా గొప్ప కాదు. తోచనక్కర్లేని ఇంట్లో పుట్టాను, అంతే. సిగ్గుతో నా తల అక్కడి మిరపకాయల్లో కలిసిపోయింది. "అట్ల కాదు... నేను పెట్టింది... పిల్ల ఒంగోలు పోతాదేమోనని. అక్కడ అట్ల ఉంటాదంట, పేర్లంట, బ్యాడ్జీలంట. ఈ కాలం పిల్లలకు అట్లుంటేనే ఇష్టమంట. ఇది పోతే నాకు... మధ్యాహ్నం కూడు..." అని ఆగిపోయాను. నలభై ఎనిమిదేళ్ల మగాడు మిరపకాయల ఘాటుకు ఏడుస్తున్నాడని ఎవరన్నా అనుకుంటే బాగుండు.

మరియమ్మ నన్ను వింతగా చూసింది. "ఒంగోలా? ఆ ఒంగోలోళ్లు రెండు నెల్ల కిందటే రమ్మన్నారు. ఇదే పోనన్నది."

"పోనన్నదా? ఎందుకు?"

"అక్కడ బ్యాడ్జీలు పెడతారంట, ఎవుర్ని జూసినా పేరే అంట, వరస లేదంట. నాకు అట్లాటిది పడదు, మా దుకాణంలో మాకు బాబాయ్ ఉండాడు, మామ ఉండాడు, అనింది. ఫోన్ గూడ చేసి ఆ పోయిన పిల్లోళ్లను తిట్టింది."

వింటున్నారా? ఆ పిల్ల దేనికి భయపడి ఒంగోలు వద్దనుకుందో, దాన్నే నేను కష్టపడి, బెంగుళూరు నుంచి తెప్పించి, మేకు కొట్టి, మార్కాపురంలో పెట్టాను. ఏనుగు తన నెత్తిన తాను మన్ను పోసుకుంటుంది. నేను మన్ను కూడా కొనుక్కొచ్చి పోసుకున్నాను.

నా లోపల ఉన్నది ఒక్కటే మాట, అదే బయటికొచ్చింది. "వదినా, తప్పయింది" అన్నాను.

లోపల గిన్నె చప్పుడైంది. ఆ తర్వాత గడప లోపలినుంచి ఎస్తేరు గొంతు, బోర్డు చదివినట్టు గట్టిగా: "తప్పినవారు ఒక గ్లాసు కాఫీ తాగవలెను!"

తలుపు తెరుచుకుంది. స్టీలు గ్లాసు పొంగేటట్టు కాఫీ. మూతి బిగించుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది. తాగాను. పాలు, బెల్లం, ఇంత పొగ వాసన. అట్లాంటి శిక్ష నాకు జీవితఖైదుగా వేసినా అప్పీలుకు పోను.

"ఎట్లుంది బాబాయ్?" అంది.

"ఇంకో గ్లాసు పడుతుంది, నువ్విప్పుడు బాబాయ్ అన్నావు" అన్నాను. ముగ్గురం నవ్వాం. కళ్లు తుడుచుకోవడానికి మిరపకాయలు చాలా సాయం చేశాయి.

ఆ మధ్యాహ్నమే బోర్డు దింపాను. వెనకవైపు బాగుందని ఖాసిం మామ దాన్ని ఇస్త్రీ బల్ల చేసుకున్నాడు. ఓబులమ్మక్క మనవడి పెళ్లికి వెళ్లి, పందిట్లో అందరి ముందూ మూడుసార్లు అక్కా అన్నాను. మూడోసారికి పలికింది. పరిహారంగా బీన్ బ్యాగు అడిగి పట్టుకుపోయింది. ఇప్పటికీ వాళ్లింట్లో దాని మీద మేకపిల్లలు పడుకుంటున్నాయట. కాఫీ యంత్రాన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోలేదు.

ఎస్తేరు ఇంకో నాలుగేళ్లు మాతో ఉంది. కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది గానీ, కాలం ఆగలేదు. శీను కొమరోలులో మామగారి వ్యాపారం చూసుకోవడానికి పోయాడు. ఖాసిం మామ పోయి ఏడాదిన్నర. వరండాలో మిషన్ ఉంది. అప్పుడప్పుడు నేనే వెళ్లి చక్రం ఒకసారి ఖాళీగా తిప్పుతాను. పరుపు మీద మధ్యాహ్నం ఆకు ఒక్కటే పడుతుంది. ఎస్తేరు పెళ్లి చేసుకుని గిద్దలూరులో సొంతంగా జాకెట్టు ముక్కల షాపు పెట్టింది. మొన్న తెరిచే రోజు నన్ను పిలిస్తే పోయాను. పనికి ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుంది. ఇద్దరూ చేతులు కట్టుకుని భయంగా నిలబడ్డారు. ఎస్తేరు అద్దాలు లేకపోయినా ఉన్నట్టే నుదుటి మీదికి నెట్టి, "ఇదో అమ్మాయ్, నేను మీకు అక్కని. ఈయన మా బాబాయ్" అంది. నేను గర్వంగా మీసం సర్దుకున్నాను. "మీకు తాత" అంది.

"ఎస్తేరూ! పెదనాయన అనిపించొచ్చు గదా!"

"జుట్టు చూసుకున్నావా బాబాయ్?"

కాబట్టి మహాజనులారా, నాయన వాడిన మీటరు బద్ద మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ కట్టె కాలేదాకా నేను ఇంకో బోర్డు రాయించను. రొమ్మున బ్యాడ్జీ పెట్టను. పిల్లల్ని ఆకట్టుకునే ఉపాయాలు సాఫ్ట్‌వేరు మేనల్లుళ్లని అడగను. ఎవరి నోట ఏ వరస వచ్చినా కాదనను, ఆఖరికి అది తాత అయినా సరే.

నిన్న మధ్యాహ్నం ఆ ఇద్దరిలో చిన్నపిల్ల గిద్దలూరు నుంచి ఫోన్ చేసింది. అక్క అడగమన్నదంట. "తాతా, అన్నం తిన్నావా?" అంది.

వినపడనట్టు ఊరుకున్నాను. ఇంకోసారి అంటుందని.